మూతకు సరిపడా కంప్యూటరు

ఆ రోజుల్లో అంటే మరీ తాతలనాటి మాటేమీ కాదు. ఉద్యోగాలు ఆఫీసుల్లోంచి లేచి వచ్చి మన పడగ్గదుల్లో కూర్చున్న రోజులవి. అయినా ఆ రోజుల్లో అనే అనాలనిపిస్తుంది, ఎందుకంటే అప్పటి నన్ను తలుచుకుంటే ఎవరో దూరపు చుట్టాలమ్మాయి గుర్తొచ్చినట్టుంటుంది. ఆ అమ్మాయికి ఇంజినీరింగ్ పట్టా ఉండేది, అదీ కంప్యూటర్లలో. పట్టా చేతికొచ్చేవరకూ కంప్యూటరు లోపలి సరంజామాని పరీక్ష పేపర్లో బొమ్మ గీయడమే తప్ప కళ్లారా చూసిన పాపాన పోలేదు (బొమ్మ మాత్రం స్కేలు పెట్టి ముచ్చటగా గీసేది, మార్కులు కూడా దండిగానే వేసేవారు). కంప్యూటర్ ఇంజినీరు గనక కంప్యూటర్ల గురించి తనకి అన్నీ తెలుసని ఇంట్లోవాళ్లు నమ్మారు. వాళ్లు నమ్మడంలో వింతేమీ లేదు. నేనూ నమ్మాను, అదీ వింత.

మాది రాజాంలో స్టీలు సామాన్ల కొట్టు. చదువైపోయి ఉద్యోగం రాక నేను ఏడాది పైచిలుకు ఆ కొట్లోనే కూర్చున్నాను. నా పని పేర్లు వేయడం, అంతకుముందు నాన్నే వేసేవారు. మా వైపు గిన్నె కొన్నాక దాని మీద పేరు వేయించకుండా ఎవరూ ఇంటికి పట్టుకెళ్లరు. పెళ్లికో పేరంటానికో ఎరువిచ్చిన బిందె మళ్లీ మన బిందెగానే తిరిగి రావాలంటే పేరుండి తీరాలి. చేత్తో పట్టుకుంటే జుయ్యిమని వణికే కరెంటు పెన్ను ఒకటుంటుంది, దాంతో 'ఫలానా వారి గృహప్రవేశ శుభసందర్భమున' అని పళ్లేల వెనకా చెంబుల మెడలకీ చెక్కుతూ నా యౌవనం గడిచిపోతోంది. నా రాత గుండ్రంగా ఉంటుందని చీపురుపల్లి నుంచి కూడా వచ్చేవాళ్లు. నాన్న వాళ్లందరితోనూ గర్వంగా, మా అమ్మాయి ఇంజినీరు, పేర్లు బాగా వేస్తుంది అని చెప్పేవారు. ఈ రెండింటికీ సంబంధమేమిటని ఒక్క గిరాకీ కూడా అడగలేదు. కొట్లో గోడ మీద ఒకే ఒక్క షరతు రాసి ఉండేది: పేరు వేసిన సామాను వాపసు తీసుకోబడదు. దాని ముందు ఎంతమంది బతిమాలినా, తగువులాడినా, ఏడ్చినా నాన్న కరిగిన దాఖలా లేదు.

అలాంటి రోజుల్లో నాకు ఉద్యోగం వచ్చింది. ఇంట్లోనే కూర్చుని చేసుకోవచ్చు, కానీ కంప్యూటరు మనదే ఉండాలి, అందులో మెమొరీ బాగా ఎక్కువ ఉండాలి. సోమవారం పొద్దున్న వాళ్లు అక్కడినుంచే తనిఖీ చేస్తారు, చాలకపోతే తర్వాతి బ్యాచ్‌లోకి తోసేస్తారు. తర్వాతి బ్యాచ్ ఎప్పుడండీ అని అడిగితే ఫోన్లో అమ్మాయి చిన్నగా నవ్వింది. ఏడాదిగా ఉద్యోగాలు వెతుకుతున్నదాన్ని, ఆ నవ్వుకి అర్థం నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఈ సోమవారం దాటిందంటే నేను జన్మంతా బిందెల మెడలు పట్టుకునే బతకాలి. నాన్న మాత్రం నువ్వెళ్లి కంప్యూటరు ముందు కూర్చుంటే పేర్లెవరు వేస్తారని సణగడం మొదలెట్టారు. ఆయనకి ఈ ఉద్యోగం సుతరామూ ఇష్టం లేదని నేను తేల్చేసుకున్నాను.

శనివారం నాన్నా నేనూ బస్సెక్కి విజయనగరం వెళ్లాం. అక్కడ మా మేనత్త కొడుకు ఉంటాడు. నేను పెట్టిన పేరు లైట్ల బావ. వాడు కొన్న కంప్యూటరు నొక్కగానే ఎర్రవీ, నీలివీ, ఆకుపచ్చవీ లైట్లు గిర్రున తిరుగుతాయి, ఆ లైట్ల వెలుగులో వాడు నెలకోసారి కరెంటు బిల్లు కడతాడు. అన్నీ అమర్చి ఉన్నది కొనేయమని వాడు షాపు దాకా దారి పొడుగునా ఊదరగొట్టాడు. షాపాయన కూడా రెండు మిషన్లు చూపించాడు. ఒకటి అన్నీ బిగించి సిద్ధం చేసిన పెద్ద సెట్టు, పక్కన అన్నీ తక్కువతక్కువగా ఉన్న బోడి మిషను. దీనికి తర్వాత మీరే మెమొరీ వేసుకోవచ్చు, బోలెడు కలిసొస్తుందని చెప్పాడు. సెట్టు అనే మాట వినగానే నాన్న మొహం మాడిపోయింది. ఆయన జీవితమంతా డిన్నర్ సెట్లు అమ్మిన మనిషి.

"సెట్టంటే ఏటనుకున్నావురా? అమ్ముడుపోని గిన్నెల్ని తీసుకెళ్లి అమ్ముడుపోయే గిన్నెల మజ్జిన కూకోబెట్టడం. నాను కూకోబెట్టినోణ్ని, నాకు తెలీదేటి?" అన్నారు బావతో.

బావ ఊరుకోడే. అయితే మెమొరీ ఎవరు బిగిస్తారు మావా అంటూ నావైపు చూసి, ఈ ఇంజినీరమ్మేనా అని పళ్లికిలించాడు. అంతే, నాకు ఎక్కడలేని రోషం పొడుచుకొచ్చింది. అదేమన్నా బ్రహ్మవిద్యా, చిటికెలో పెట్టేస్తానన్నాను. నిజం చెప్పొద్దూ, ఆ క్షణానికి మెమొరీ అనేది గుండ్రంగా ఉంటుందో పలకలుగా ఉంటుందో కూడా నాకు తెలీదు. నాన్న మాత్రం కూతురి చదువు ఇన్నాళ్లకి అక్కరకొచ్చిందన్న సంబరంతో బోడి మిషను కట్టించేశారు. మెమొరీ ఆ షాపులోనే తీసుకుందామంటే వినలేదు. అన్నీ ఒక్క కొట్లోనే కొంటే వాడికి మనం లోకువైపోతామని ఆయన సిద్ధాంతం. అందుకని రోడ్డు దాటి ఎదురు షాపుకి నడిపించారు.

ఎదురు షాపులో కళ్లజోడు పెద్దాయన చక్కగా ఆరా తీశాడు. ఎంత కావాలన్నాడు, చెప్పాను. ర్యామ్‌లో పాత రకం, కొత్త రకం ఉన్నాయమ్మా, ఏది కావాలన్నాడు. మీ మిషనుకి ఏది పడుతుంది అని దాని అర్థం. ఆ సంగతి బుర్ర ఉన్న ఎవరికైనా తడుతుంది. కానీ నేను వ్యాపారస్తుల పిల్లని. పాత సరుకు కావాలా, కొత్త సరుకు కావాలా అని అడిగితే పాతదే ఇవ్వండని అన్నవాళ్లు మా వంశంలో ఇంతవరకూ పుట్టలేదు. కొత్తదే ఇవ్వండి అని గట్టిగా చెప్పాను. నాన్న మెచ్చుకోలుగా తలాడించారు. పెద్దాయన ఒక చిన్న అట్టపెట్టె ఇచ్చాడు. అందులో అరచేతి పొడుగున్న సన్నటి పట్టీ, దానికి రెండు పక్కలా అల్యూమినియం తొడుగు. నాన్న దాన్ని గోటితో తట్టి చూసి, గేజు తక్కువ, రేకు పల్చన, పర్వాలేదన్నారు.

రాజాం వచ్చాక నేను గదిలో కూర్చుని ర్యామ్ ఎలా బిగించాలో వీడియోలు చూడటం మొదలెట్టాను. ఒకడు ఒంటిమీది కరెంటు పోవడానికి ముందు ఇనుము ముట్టుకోమన్నాడు. మా ఇల్లంతా స్టీలే కాబట్టి ఒక గంగాళాన్ని కావలించుకుని చాలాసేపు కూర్చున్నాను. ఈలోగా నాన్న, సరుకు ఒకసారి చూసి ఇస్తానని చెప్పి అట్టపెట్టె కొట్లోకి పట్టుకెళ్లారు. సాయంత్రం తెచ్చి బుద్ధిగా నా చేతిలో పెట్టారు. మిషను మూత తీశాను. గాడి కనిపించింది, పట్టీ నిలబెట్టి నొక్కాను. దిగలేదు. తిప్పి నొక్కాను. దిగలేదు. అమ్మ దేవుడి దగ్గర బొట్టు తెచ్చి మిషనుకి పెట్టింది, అయినా దిగలేదు.

నాన్న కొట్లోంచి సొట్టలు తీసే కొయ్యసుత్తి పట్టుకొచ్చారు. మూత పట్టకపోతే అటూ ఇటూ రెండు దెబ్బలు వేస్తే దారికి వస్తాది, నువ్వు కూసింత పక్కకి జరుగు అన్నారు. నేను మిషనుకి అడ్డంగా పడుకోబట్టి సరిపోయింది గానీ లేకపోతే ఆ రాత్రి మేము స్టీలు సామాన్లతో పాటు పచ్చడి కూడా అమ్మేవాళ్లం. పరీక్షగా చూస్తే అప్పుడు తెలిసింది, పట్టీకి అడుగున ఉండే గాటు ఒకచోట, గాడిలో ఉండే గుబ్బ మరోచోట ఉన్నాయి. మిషనుది పాత రకం, నేను తెచ్చింది కొత్త రకం. బావ నవ్వే నవ్వు చెవుల్లో మోగింది. అయినా గుండె దిటవు చేసుకున్నాను. పొద్దున్నే వెళ్లి మార్చుకుంటే సరి, రేపు ఆదివారం, ఇంకా ఒక రోజుంది. అలా అనుకుంటూ పట్టీని పెట్టెలో పెట్టబోతూ వెనక్కి తిప్పాను.

అల్యూమినియం తొడుగు మీద రెండు కొసలా మామిడిపిందెలు, మధ్యలో పువ్వు, కింద నాన్న రాత: 'చి. కుమారి' అని నా పేరు, 'ఉద్యోగ ప్రవేశ శుభసందర్భమున, రాజాం'.

ఇదేమిటి నాన్నా అని పట్టీ ఆయన ముందు పెట్టాను. నాన్న మాత్రం తాపీగా చెప్పారు. రేపెప్పుడైనా రిపేరుకి ఇస్తే వాళ్లు మార్చేస్తారట, ఎవరి సరుకు ఎవరిదో తెలియాలి కదా, మిషను డబ్బా మీద బోలెడు జాగా ఉంది గనక దాని మీద నిదానంగా లతలు పెట్టి ఆదివారం వేద్దామని ఉంచారట. నాకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. అయితే ఒక్క సంగతి మాత్రం ఆ గొడవలో కూడా నా కంట్లో పడింది. నాన్న ఎంత దగ్గరవాళ్లకైనా ఊరికే పువ్వు వేయరు. పువ్వుకి వేరే రేటు, పిందెకి వేరే రేటు. ఈ ఉద్యోగం ఇష్టం లేదని నేను తేల్చేసుకున్న మనిషి పువ్వూ, పిందెలూ అన్నీ వేశారు. ఇక ఆయన్ని తిట్టడం నావల్ల కాలేదు.

మర్నాడు మిషన్ని దుప్పట్లో చుట్టి ఒళ్లో పెట్టుకుని బస్సులో కూర్చున్నాను. పట్టీ ఒక్కటీ తీసుకెళ్తే చాలదా అంటే, మూత మార్చుకోడానికి వెళ్లేవాళ్లు గిన్నె కూడా పట్టుకెళ్లాలని నాన్న పట్టుబట్టారు. కండక్టరు వచ్చి దుప్పటి ఎత్తి చూసి, బొట్టు పెట్టి ఉండేసరికి దండం పెట్టుకుని వెళ్లిపోయాడు. విజయనగరంలో బావ బస్టాండుకే వచ్చాడు (ఇంత వేడుక వాడు ఎందుకు వదులుకుంటాడు). కళ్లజోడు పెద్దాయన ఆదివారం కావడంతో సగం తలుపే తీసి కూర్చున్నాడు. పట్టీని వెలుతురులో పెట్టి ఆసాంతం చదివాడు. ఎవరు వేశారని అడిగాడు. నానేనన్నారు నాన్న. రాత బాగుందని మెచ్చుకుని, దీన్ని నేను ఎవరికి అమ్మను బాబూ, ఇదే పేరున్న పిల్లకి ఉద్యోగం వచ్చేదాకా కాచుకు కూర్చోనా అన్నాడు. నాన్న మొదట బతిమాలారు, తర్వాత వ్యాపారస్తుడికీ వ్యాపారస్తుడికీ మధ్య ఉండాల్సిన మర్యాద గురించి మాట్లాడారు, చివరికి కాస్త గొంతు పెంచారు. పెద్దాయన అన్నీ విని నిదానంగా అడిగాడు.

"మీదేటి యాపారం?"

"స్టీలు సామాన్లు."

"పేరేసిన బిందె మీరు వాపసు తీసుకుంటారేటి?"

నాన్నా, ఒక్క అబద్ధం, నా ఉద్యోగం కోసం ఒక్క చిన్న అబద్ధం ఆడు అని నేను దుప్పటి గట్టిగా పట్టుకుని మనసులో మొక్కుకున్నాను. నాన్న చెయ్యి చాపి పట్టీని వెనక్కి తీసుకున్నారు.

"తీసుకోనండి," అన్నారు.

పోనీ పాత రకం పట్టీ ఇంకొకటి కొనుక్కుందామంటే పెద్దాయన దగ్గర లేదు. మిషను కొన్న షాపుకి వెళ్తే అక్కడా లేదు, నిన్న ఏదో కాలేజీవాళ్లు వచ్చి ఉన్నవన్నీ ఊడ్చుకుపోయారట. మిగతా షాపులన్నీ ఆదివారం తాళాలు. ఆ షాపు మెట్ల మీద కూలబడి నేను ఏడ్చాను. సిగ్గూ ఎగ్గూ లేకుండా, మిషన్ని కావలించుకుని మరీ ఏడ్చాను. రేపు పొద్దున్న తనిఖీ చేస్తారు, నన్ను తోసేస్తారు, ఎల్లుండి నేను మళ్లీ కొట్లో బిందె పట్టుకుంటాను. వచ్చే పోయేవాళ్లు దుప్పట్లో ఏముందోనని ఆగి చూసి, జాలిపడి వెళ్తున్నారు. అప్పటిదాకా నవ్వు ఆపుకుంటున్న బావ కూడా ఏడవకే, నా లైట్ల కంప్యూటరు పట్టుకెళ్లిపో అనేశాడు. వాడంత మాట అన్నాడంటే నా ఏడుపు ఏ స్థాయిలో ఉందో అర్థం చేసుకోండి.

నాన్న నా పక్కన మెట్టు మీద కూర్చున్నారు. పట్టీని జేబులోంచి తీసి, పంచె చెంగుతో తుడిచి, చాలాసేపు చూశారు. ఆ తర్వాత వ్యాపారం ఎరిగినవాళ్లెవరూ అనకూడని మాట అన్నారు.

"మూతకి పేరు పడిపోనాది. అది మరి మారదు. గిన్నె మారుద్దాం, లే."

ఏ లోకంలోనైనా గిన్నె కొని దానికి మూత వెతుక్కుంటారు. మేము మూత పట్టుకుని దానికి సరిపడే గిన్నె కోసం షాపులోకి నడిచాం. ఈ కొత్త రకం ర్యామ్ పట్టే మిషను మీ దగ్గర ఉందా అని నాన్న అడిగితే షాపాయన వేలు పెట్టి చూపించాడు. నిన్న మేము వద్దని తోసేసిన పెద్ద సెట్టే అది. ఇంకో దారి లేదు. నాన్న సెట్టే ఇవ్వండి అన్నారు. ఎంత నెమ్మదిగా అన్నారంటే షాపాయన ఏమిటండీ అని మళ్లీ అడిగాడు. పాపం, ఆ మాట రెండుసార్లు అనాల్సి వచ్చింది. జీవితంలో సెట్టు కొనని మనిషి నాకోసం సెట్టు కొన్నారు. నా కళ్లనీళ్లు అప్పుడింకా ఎక్కువయ్యాయి.

బోడి మిషన్ని షాపాయన వాపసు తీసుకున్నాడు. నాన్న దాన్ని నాలుగు పక్కలా తిప్పి, దీని మీద పేరు లేదు, సూసుకోండి, మళ్లీ తర్వాత అనొద్దు అని చూపించి మరీ ఇచ్చారు. బొట్టు మాత్రం నేనే పమిట... పమిట ఎక్కడిది, చున్నీతో తుడిచాను. కొత్త మిషన్లో కావలసినంత మెమొరీ ఉండనే ఉంది. నాన్న ఒప్పుకోలేదు, మన పట్టీ కూడా అందులో పెట్టి తీరాలన్నారు. పెళ్లి కార్డు చదివినంత శ్రద్ధగా షాపాయన దాని మీద రాత చదివి, నవ్వుకుంటూ గాడిలో నొక్కాడు. టక్కున కూర్చుంది. మిషను లెక్కేసి చూపించింది. అంత కరెంటు పెన్ను పోటు తిని కూడా అది పనిచేసింది, ఇది మాత్రం నాకు ఇప్పటికీ ఏ ఇంజినీరింగుకీ అందని సంగతి. గట్టి సరుకే అని నాన్న ఒప్పుకున్నారు. ఇక సెట్టుతో పాటు వచ్చినవి చూస్తే, మౌసు కింద పరిచే ఒక ఎలుక బొమ్మ చాప, తుడుచుకునే బ్రష్షు, కీబోర్డు మీద కప్పే ముసుగు, ఒక చెవికే వినిపించే హెడ్‌ఫోను. తిరుగు బస్సులో నాన్న ఒక్కొక్కటీ తీసి నాకు చూపించి, సూసావా, ఎలా కూకోబెట్టీసాడో అంటూ ఇల్లు చేరేవరకూ సంతోషపడుతూనే ఉన్నారు.

సోమవారం తనిఖీ జరిగింది. అవతలి మనిషి మీ మెమొరీ మేం అడిగినదానికంటే చాలా ఎక్కువుందే అని ఆశ్చర్యపోయాడు. దాని మీద పువ్వులు కూడా ఉన్నాయని నేను చెప్పలేదు. ఉద్యోగం నిలబడింది. ఆ తర్వాత సాయంత్రం దాకా కంపెనీ గొప్పదనం గురించి బొమ్మలు చూపిస్తూనే ఉన్నారు. నేను తల ఊపుతూనే ఉన్నాను. సాయంత్రం మిషను కట్టేయబోతుంటే నాన్న కొట్టు నుంచి వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. బోణీ అయ్యిందా అని అడిగారు. ఇది కొట్టు కాదు నాన్నా, ఈ రోజు ఏమీ చేయలేదు, ఊరికే విన్నానంతే అన్నాను. ఆయన మొహంలో నిజంగానే భయం కనిపించింది. మొదటి రోజే బోణీ లేకుండా ఎవరైనా కట్టేస్తారా. కుర్చీ లాక్కెళ్లి మానిటర్ అవతల వేసుకున్నారు, అంటే గిరాకీ కూర్చునే వైపు.

"ఏటమ్మా, ఏటి దొరుకుతాది మీ కాడ?"

నవ్వొచ్చింది గానీ ఆయన నవ్వట్లేదు. ఏం కావాలండీ అని నేనూ అడిగాను. ఆయన చాలాసేపు ఆలోచించారు. నిజం గిరాకీలు కూడా అంతసేపు ఆలోచించరు.

"నా పేరెయ్యి. పెద్దగా," అన్నారు.

ఇంతమంది పేర్లు ఇన్ని గిన్నెల మీద వేసిన మనిషికి తన పేరు ఎవరూ వేసి పెట్టలేదని నాకు అప్పుడు తట్టింది. మా ఇంట్లో గిన్నెలన్నిటి మీదా తాతయ్య పేరే. సరేనని కూర్చున్నాను. తీరా చూస్తే ఈ కంప్యూటర్ ఇంజినీరుకి కంప్యూటర్లో తెలుగు రాయడం రాదు. ఒత్తు పెడితే అక్షరం పోతుంది, అక్షరం వస్తే దీర్ఘం పక్కింటికి పోతుంది. గిరాకీ మాత్రం విసుక్కోకుండా అవతల కూర్చునే ఉన్నారు. చివరికి ఎలాగో తెర నిండా ఆయన పేరు వచ్చింది. ఇవతలికొచ్చి కళ్లజోడు పెట్టుకుని చూశారు. అమ్మని పిలిచారు. అమ్మ వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, మొగుడి పేరు పైకి చదవకూడదు కాబట్టి మనసులోనే చదువుకుని, బాగున్నాది అంది. నాన్న ఇంకాసేపు చూసి, ఇక కట్టేసుకో అన్నారు.

ఇప్పుడు నాకు కంపెనీవాళ్లే అన్నీ అమర్చిన మిషను పంపిస్తారు. మూత తీసి చూసే పని ఎప్పుడూ పడలేదు. ఏవేవో పెద్ద పనులే చేస్తున్నానని జీతం కూడా పెంచారు. తండ్రి పేరు రాయడానికి చెమటలు కక్కిన ఆ ఇంజినీరమ్మ గుర్తొస్తే ఒక్కదాన్నే ఉన్నప్పుడు కూడా నవ్వేసుకుంటాను. అయితే ఇన్నేళ్లుగా నేను తయారుచేసి పంపినవాటిలో దేన్నీ ఎవరూ అంతసేపు నిలబడి చూసుకోలేదు.